ఇంటిపేరు లేని వంశం

(మలేసియా తెలుగువారి ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వంటశాల నుండి పులిహోర వాసన వస్తున్న వేళ సైన్సు ఉపన్యాసమివ్వడం సాహసమే. కార్యదర్శిగారు నాకు అరగంట వ్యవధి ఇచ్చారు. గంట కొట్టగానే పాఠం ఆపే అలవాటు ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో నాకు బాగా అబ్బింది గనుక మీరు భయపడనవసరం లేదు. నేను పరిశోధకుణ్ణి కాను. ఎస్టేటు బడిలో అక్షరాలు దిద్దుకొని, తరువాత పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. చదివి తెలుసుకున్న సంగతులనే మీ ముందుంచుతున్నాను.

ముందుగా ఒక ఇంటి ముచ్చట. కిందటి సంవత్సరం నా మేనకోడలు, అంటే మా అక్కగారి అమ్మాయి, తన ఉమ్మిని ఒక చిన్న గొట్టంలో పట్టి పరీక్షకు పంపింది. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. మీ తల్లి వైపు శాఖ 'ఎం-2' అని అందులో ఉంది. ఇంటిల్లిపాదీ ఆ కాగితం చుట్టూ మూగాం. మా బావగారు కళ్ళజోడు సవరించుకొని, "ఇంతకీ ఇందులో మన కులం ఏమని వ్రాశారు?" అన్నారు. "కులం ఇందులో ఉండదు బావగారూ" అన్నాను. "మరి దీనికి డబ్బులెందుకు కట్టినట్టు?" అన్నారాయన. అందరం నవ్వుకున్నాం. మా అక్క మాత్రం నవ్వలేదు. "ఒరే తమ్ముడూ, అమ్మమ్మ పుట్టిన ఊరేదో ఉందేమో చూడరా" అని అడిగింది. అది కూడా అందులో ఉండదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బావగారి ప్రశ్నకు గాని, అక్క ప్రశ్నకు గాని జవాబు చెప్పలేని ఆ కాగితం మరి ఏమి చెబుతుంది? అదే ఈనాటి నా ప్రసంగాంశం.

మనకు వంశమంటే తండ్రి వంశమే. ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది. ఆడపిల్ల పెళ్ళి కాగానే అత్తవారి ఇంటిపేరులో కలిసిపోతుంది. ఈ దేశానికి వచ్చిన తరువాత ఆ ఇంటిపేరు కూడా మనలో చాలామందికి జారిపోయింది. మన గుర్తింపు కార్డులలో మగవారికి 'ఏ/ఎల్' అని, ఆడవారికి 'ఏ/పి' అని వేసి, తండ్రి పేరు వ్రాస్తారు. ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అని దాని అర్థం. ఆ వరుసలో తల్లికి చోటు లేదు. మీలో తాతగారి తండ్రి పేరు తెలిసినవారు ఒకసారి చేతులెత్తండి. చాలా చేతులే లేచాయి, సంతోషం. ఇప్పుడు అమ్మమ్మగారి తల్లి పేరు తెలిసినవారు ఎత్తండి. వెనక వరుసలో ఇద్దరు, ఈ ప్రక్క ఒకరు. నా చెయ్యి కూడా లేవలేదు, గమనించండి.

తల్లి పేరు చెప్పుకొనే ఆచారం మనకెన్నడూ లేదని అనుకోకండి. సాతవాహన చక్రవర్తి శాతకర్ణి గౌతమీపుత్రుడు. ఆయన కుమారుడు పులుమావి వాసిష్ఠీపుత్రుడు. నాగార్జునకొండ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు మాఠరీపుత్రుడు. రాజ్యం తండ్రి నుండి కొడుక్కే వచ్చినా, ఆ రాజులు తల్లిని బట్టి వచ్చిన పేరును తమ పేరుకు ముందు రాతిమీద చెక్కించుకున్నారు. తరువాతి కాలంలో ఆ అలవాటు మరుగున పడింది. అయితే రాజుకూ కూలికీ తేడా లేకుండా ప్రతి ఒక్కరి ఒంటిలోను తల్లి శాసనమొకటి ఉన్నది. దానిని చదవడం మనిషి నేర్చుకొని ఇంకా అర్ధ శతాబ్దం కూడా కాలేదు.

ఆ శాసనం సంగతి ఇది. మన ఒంటిలోని దాదాపు ప్రతి జీవకణంలోను మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలుంటాయి. అవి మనం తిన్న తిండిని శక్తిగా మార్చే పొయ్యిల వంటివి. కణం మధ్యనుండే కేంద్రకంలోని డి.ఎన్.ఏ. సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తుంది. ఈ పొయ్యిలకు మాత్రం సొంత డి.ఎన్.ఏ. విడిగా ఉంది. కేంద్రకంలోనిది సుమారు 300 కోట్ల అక్షరాల మహాభారతమైతే, ఇది 16,569 అక్షరాల చిన్న శతకం. అందులో ఉన్నవి 37 జన్యువులు. దీని మొత్తం పాఠాన్ని 1981లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు మొదటిసారి ప్రకటించారు. ఆ బృందంలో రెండుసార్లు నోబెల్ బహుమతి పొందిన ఫ్రెడరిక్ సాంగర్ ఉన్నారు.

ఈ చిన్న శతకం తల్లి నుండే బిడ్డకు సంక్రమిస్తుంది. తండ్రి బీజకణంతో వచ్చిన మైటోకాండ్రియా అండంలో ప్రవేశించిన తరువాత నశించిపోతాయి. కాబట్టి కొడుకుకూ కూతురికీ ఇద్దరికీ తల్లిదే వస్తుంది. దానిని తరువాతి తరానికి అందించగలిగేది మాత్రం కూతురే. నా ఒంటిలో ఉన్నది మా అమ్మది. నా కూతురి ఒంటిలో ఉన్నది నా భార్యది, అంటే మా అత్తగారిది. మా అమ్మ శాఖను ముందుకు నడిపిస్తున్నవారు మా అక్క, ఆమె కూతురు. మేనకోడలంటే మన ఇళ్ళలో ఉండే ముద్దుకు సైన్సు ఇచ్చిన కొత్త కారణమనుకోండి.

తల్లి నుండి కూతురికి మార్పు లేకుండా వచ్చేదైతే ప్రపంచంలో అందరిదీ ఒకే పాఠం కావాలి కదా అని మీకు సందేహం రావచ్చు. దీనికి మన తాళపత్ర గ్రంథాలే మంచి ఉదాహరణ. పూర్వం వ్రాయసకాడు ఒక ప్రతిని చూసి మరొక ప్రతి వ్రాసేవాడు. ఎంత జాగ్రత్తపరుడైనా ఎక్కడో ఒక అక్షరం మారేది. ఆ ప్రతిని చూసి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు కూడా దిగేది. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ ఊరూరి నుండి ప్రతులు తెప్పించి పోల్చి చూసినది ఇటువంటి తేడాలనే. ఏ తప్పు ఏ ప్రతులలో ఉందో పట్టిక వేస్తే ఏ ప్రతికి ఏది తల్లిప్రతో తెలిసిపోతుంది. మన శతకంలో కూడా ఇంతే. ఒక తల్లి వరుసలో సగటున మూడు వేల ఏళ్ళు దాటిన తరువాత ఒక అక్షరం మారుతుందని అంచనా. ఆ మార్పు ఆమె కూతుళ్ళకు, మనుమరాళ్ళకు ముద్రలాగా దిగుతుంది. ముద్రలను బట్టి శాఖలు, మార్పుల సంఖ్యను బట్టి వయస్సు లెక్క కడతారు.

ఈ లెక్కతో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్. వారు 1987లో వివిధ జాతులకు చెందిన 147 మంది డి.ఎన్.ఏ.ను పోల్చి చూశారు. అందుకు చాలావరకు కాన్పు తరువాత పారవేసే మాయను సేకరించారు. అన్ని తల్లి వరుసలూ వెనక్కు వెళ్ళి సుమారు రెండు లక్షల సంవత్సరాల క్రిందట ఆఫ్రికాలో ఉన్న ఒక స్త్రీలో కలుస్తాయని వారు తేల్చారు. ఆనాడు భూమిమీద ఆమె ఒక్కతే ఉన్నదని దీని అర్థం కాదు. మిగిలిన స్త్రీల వరుసలు ఎక్కడో ఒకచోట ఆగిపోయాయి. నలుగురు కొడుకులను కని, కూతురు లేని తల్లి మన వీధిలోనే ఉంటుంది. ఆమెకు మనుమలు పదిమంది ఉన్నా ఈ శాసనం మాత్రం ఆమెతో సరి.

ఇక 'ఎం' శాఖ సంగతికి వస్తాను. సుమారు 70 వేల సంవత్సరాల క్రిందట తూర్పు ఆఫ్రికాలో 'ఎల్-3' అనే శాఖ ఉండేది. దానికి 'ఎం', 'ఎన్' అని ఇద్దరు కూతుళ్ళనుకోండి. ఆఫ్రికా వెలుపల అనాదిగా ఉన్న ప్రజలందరి తల్లి వరుసలూ ఈ ఇద్దరిలో ఒకరి నుండి వచ్చినవే. 'ఎం' సంతతికి గుర్తు ఏమిటంటే, శతకంలో 10,400వ స్థానంలో 'సి' ఉండవలసినచోట 'టి' ఉంటుంది. 489, 14,783, 15,043 స్థానాలలో కూడా ఒక్కొక్క అక్షరం మారి ఉంటుంది. ఇటువంటి నాలుగు అక్షరాలతో కోట్లాదిమంది తల్లుల చరిత్ర ముడిపడి ఉంది.

ఈ 'ఎం' తల్లి ఎక్కడ పుట్టిందన్న విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. ఇథియోపియా ప్రాంతంలో 'ఎం-1' అనే శాఖ కనబడడంతో ఆమె ఆఫ్రికాలోనే పుట్టి బయలుదేరిందని కొందరన్నారు. అది ఆసియా నుండి తిరిగి వెళ్ళిన శాఖ అని తరువాతి వారన్నారు. ఆమె వయస్సు 50 వేల నుండి 65 వేల సంవత్సరాల మధ్య ఉంటుందని ఎక్కువమంది అంచనా. అందరూ ఒప్పుకొనే మాట ఏమిటంటే, ఆమె సంతతి మిక్కిలిగా కొమ్మలు వేసిన నేలలలో భారతదేశం ఒకటి. ఈనాటి భారతీయులలో నూటికి సుమారు అరవైమంది 'ఎం' సంతతివారే. ఎం-2, ఎం-3, ఎం-4, ఎం-5, ఎం-6 అంటూ అక్కడి శాఖల జాబితా చాలా దూరం పోతుంది. వాటిలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటిగా ఎన్నదగినది మా మేనకోడలి కాగితంలో ఉన్న ఎం-2. ఇది దక్షిణాదిలోను, ఆదివాసులలోను ఎక్కువగా కనబడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి రెండు ఊళ్ళ కథ చెప్పాలి. ఒకటి మన పూర్వుల రాష్ట్రంలోది, రెండవది మన పేరాక్‌లోది. మనకు జలసంధి ఆవల ఉన్న సుమత్రా దీవిలో టోబా సరస్సు ఉంది కదా. అది సుమారు 100 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. సుమారు 74 వేల సంవత్సరాల క్రిందట అక్కడ ఒక మహా అగ్నిపర్వతం బ్రద్దలైంది. దాని బూడిద బంగాళాఖాతం దాటి, ఒకప్పటి కర్నూలు జిల్లాలోని, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన జ్వాలాపురం గ్రామంలో మందంగా పడింది. మైఖేల్ పెట్రాగ్లియా బృందంవారు అక్కడ త్రవ్వి, బూడిద పొరకు క్రిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అదే బూడిద మన లెంగ్గాంగ్ లోయలో, కోట తంపాన్ దగ్గర కూడా రాతి పనిముట్లతోపాటు దొరికింది. ఆ లోయను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఒకే నిప్పు రాల్చిన బూడిద ఆ ఊరి మీదా ఈ ఊరి మీదా పడి, రెండుచోట్లా మనిషి చేతిపనిని కప్పి దాచి ఉంచింది.

అయితే ఆ పనిముట్లు చేసినవారు మన 'ఎం' తల్లి సంతతివారేనా? ఇక్కడే చిక్కు ఉంది. బూడిద పడకముందే మనవంటి మనుషులు అక్కడ ఉన్నారని ఆ త్రవ్వకందారులు వాదించారు. డి.ఎన్.ఏ. లెక్కను బట్టి 'ఎం' శాఖ పుట్టినదే బూడిద పడిన తరువాత. రాయి ఒక సాక్ష్యం చెబుతుంటే రక్తం మరొక సాక్ష్యం చెబుతోంది. మొదట వచ్చినవారు వేరైనా కావచ్చు, వారి తల్లి వరుసలు నిలవకనైనా పోవచ్చు. ఈ వాదం ఇంకా తెగలేదు. తెగని వాదాన్ని తెగినట్టు చెప్పడం పంతులుకు తగదు.

ఇక ప్రయాణం. ఆ రోజులలో సముద్రమట్టం ఈనాటికంటె చాలా క్రిందకు ఉండేది. మలయా, సుమత్రా, జావా, బోర్నియో కలిసి ఒకే నేలగా ఉండేవి. తీరం వెంబడి గవ్వలు, చేపలు, పీతలు ఏరుకుంటూ తరతరానికి కొంత చొప్పున జనం తూర్పుకు జరిగి ఉంటారని ఒక ప్రబలమైన అభిప్రాయం. దీనికి గట్టి ఆధారం మన దేశం నుండే వచ్చింది. 2005 మే నెలలో 'సైన్స్' పత్రికలో విన్సెంట్ మెకాలే బృందంవారు ఇక్కడి ఒరాంగ్ అస్లీ ప్రజల మైటోకాండ్రియా పాఠాలను పూర్తిగా చదివి ప్రకటించారు. ఎం-21 వంటి వారి శాఖలు సుమారు 60 వేల సంవత్సరాల క్రిందటే 'ఎం' మూలం నుండి విడివడ్డాయని తేల్చారు. భారతదేశపు శాఖలూ మలయా శాఖలూ ఒకదానికొకటి తల్లీకూతుళ్ళు కావు. ఒకే తల్లి నుండి ఇంచుమించు ఒకే కాలంలో వేరుపడిన అక్కచెల్లెళ్ళు. అందుచేతనే ఆ ప్రయాణం చాలా వేగంగా జరిగిందని వారు నిర్ణయించారు.

అదే సంచికలో మన హైదరాబాదు నుండి మరొక వ్యాసం వచ్చింది. అక్కడి సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్ మొదలైనవారు అండమాను దీవులలోని ఓంగేలను, గ్రేట్ అండమానీయులను పరిశీలించి, వారిలో ఎం-31, ఎం-32 అనే శాఖలున్నాయని చెప్పారు. అనేక వేల సంవత్సరాలు వారు వేరుగా నిలిచిపోయారన్నది వారి మాట. తరువాత ఎం-31కి దగ్గర బంధువులు తూర్పు భారతంలో కూడా కనబడడంతో, ఆ దీవులకు మనుషులు ఎప్పుడు చేరారన్నది మళ్ళీ చర్చకు వచ్చింది.

'ఎం' సంతతి అక్కడితో ఆగలేదు. న్యూగినీలో అది 'క్యూ' శాఖ. ఆస్ట్రేలియా ఆదివాసులలో ఉన్న ఎం-42 శాఖకు సోదర శాఖ భారతదేశపు ఆదివాసులలో కూడా కొద్దిమందిలో ఉందని 2009లో భారతీయ శాస్త్రజ్ఞులు చూపారు. ఉత్తరానికి పోయిన కొమ్మలలో 'సి', 'డి' అనేవి సైబీరియా దాటి అమెరికా ఖండాలకు చేరి, అక్కడి ఆదివాసుల మూల శాఖలలో నిలిచాయి. ఐరోపాలో కథ వేరు. ఫ్రాన్సు, బెల్జియం దేశాలలో దొరికిన సుమారు 30 వేల ఏళ్ళనాటి ఎముకలలో 'ఎం' ముద్ర ఉందని 2016లో తేలింది. తరువాత మహా హిమయుగంలో అక్కడ ఆ వరుస అంతరించిపోయింది. ఒకచోట మర్రిచెట్టై విస్తరించిన వంశం మరొకచోట ఎండిపోయింది. ఇందులో గొప్పతనం గాని, తక్కువతనం గాని లేదు.

ఇప్పుడు మా బావగారి ప్రశ్నకు వస్తాను. కులం సంగతి ఆ కాగితంలో ఎందుకు లేదు?

2003లో ఎస్టోనియా శాస్త్రజ్ఞుడు టూమాస్ కివిసిల్డ్, ఆయన సహచరులు ఆంధ్రదేశపు చెంచులను, కోయలను పరీక్షించి, కులాలవారి శాఖలతో పోల్చి ఒక పెద్ద వ్యాసం ప్రకటించారు. చెంచులు నల్లమల అడవులవారు, తెలుగు మాట్లాడేవారు. అడవిలోనివారిదైనా ఊళ్ళోనివారిదైనా వారసత్వంలో అధిక భాగం ఆనాటి ఆదిమ జనుల నుండి వచ్చినదేనని వారు నిర్ణయించారు. శాఖల పాళ్ళు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉండవచ్చును గాని, మూలపు తల్లులు ఉమ్మడి. అంతకుముందు 1998లోను, 2001లోను మైఖేల్ బామ్‌షాద్ బృందంవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంవారి సహకారంతో తెలుగు కులాలను పరిశీలించారు. 2001 నాటి పరిశీలనలో ఉన్నవారు విశాఖపట్నం జిల్లావారే. మనలో అనేకుల పూర్వులు బయలుదేరినదీ ఆ వైపు నుండే. దగ్గర మెట్లలోని కులాల మధ్య స్త్రీలు కాలక్రమేణ అటూ ఇటూ చేరినట్టు తల్లి శాఖలు సూచిస్తున్నాయని 1998లో వారు వ్రాశారు. కులాలకు కట్టిన గోడలో తలుపులుండేవన్నమాట. ఆ తలుపులు దాటినవారు ఆడవారు.

కాబట్టి బావగారికి నేను చెప్పిన జవాబు ఇది. కులాలు పుట్టడానికి కొన్ని పదుల వేల ఏళ్ళ ముందటి తల్లి ముద్ర ఇది. కులం అనే మాటే అప్పటికి లేదు, ఇక కాగితంలో ఎలా ఉంటుంది? ఎం-2 ఉన్న చెంచు అమ్మాయి, ఎం-2 ఉన్న పట్నపు పండితుని భార్య, ఎం-2 ఉన్న మా మేనకోడలు, ముగ్గురూ ఎక్కడో ఒకే వాకిట్లో ఆడుకున్న అక్కచెల్లెళ్ళ సంతానం.

ఇంతలో పొంగిపోయేవారికి కూడా ఒక మాట. మన తెలుగు 60 వేల ఏళ్ళనాటిదని ఇందువల్ల రుజువు కాదు. ద్రావిడ భాషా కుటుంబం వయస్సు సుమారు 4,500 సంవత్సరాలని 2018లో ఒక పరిశోధన అంచనా వేసింది. 'ఎం' తల్లి ఏ భాష మాట్లాడిందో ఆమె డి.ఎన్.ఏ. చెప్పదు. అంతేకాదు, పది తరాలు వెనక్కు వెళితే మనలో ఒక్కొక్కరికి 1,024 పూర్వస్థానాలుంటాయి. అమ్మమ్మ తల్లి, ఆమె తల్లి అంటూ పోయే వరుస వాటిలో ఒక్కటి మాత్రమే. ఇంటిపేరు ఎట్లా 1,023 మందిని మరచిపోతుందో, ఈ ముద్ర కూడా అట్లాగే 1,023 మందిని విడిచిపెడుతుంది. తల్లి వరుసను మన పూర్తి కథ అనుకుంటే, పాత తప్పునే కొత్తగా చేసినవారమవుతాం. ఈ సభలో 'ఎం' కానివారు, అంటే 'ఎన్' సంతతివారు కూడా తప్పక ఉంటారు. వారు మనకు పెద్దమ్మ బిడ్డలు.

చివరకు మా అక్క ప్రశ్న.

మా అమ్మమ్మ 1920ల చివర శ్రీకాకుళం వైపు నుండి వచ్చింది. 'రజులా' వంటి స్టీమర్లలో మద్రాసు, నాగపట్టణం రేవులనుండి పినాంగుకు జనాన్ని తెచ్చిన రోజులవి. దిగిన వెంటనే జెరెజాక్ దీవిలో క్వారంటైను, తరువాత కంగాణీ వెంట ఎస్టేటుకు. 1938లో భారత ప్రభుత్వం కూలీలను పంపడం ఆపిన తరువాత వెనకటి ఊరితో ఆమెకు ఉన్న దారం సన్నబడింది. 1942లో జపానువారి కాలంలో మా తాతను సయాం రైలుపనికి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ముగ్గురు ఆడపిల్లలతో అమ్మమ్మ మిగిలింది. కర్రపెండలం తిని, గోనెపట్టా కట్టుకొని ఆ ముగ్గురినీ బ్రతికించింది. ఆమె బ్రతికించకపోతే ఆ వరుస అక్కడ ఆగిపోయేది. 'ఎం' శాఖ ఐరోపాలో అంతరించిందని చదివినప్పుడు నాకు మంచుయుగం గుర్తు రాలేదు. గిన్నెలో గంజి ముందు పిల్లలకు పోసి, అడుగున మిగిలితే తాను త్రాగిన మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. 60 వేల ఏళ్ళలో ప్రతి తరంలోను ఒక తల్లి అటువంటి పని చేసి ఉండాలి. ఒక్క తరంలో చెయ్యకపోయినా నా మేనకోడలి కాగితం లేదు.

నా చిన్నతనంలో ఆమె తన తల్లి గురించి చెప్పేది. రేవుకు సాగనంపడానికి రాలేక, పొలిమేరలో చింతచెట్టు దగ్గరే నిలబడిపోయిందట. కొంగున కట్టి ఇచ్చిన పసుపుకొమ్ము అమ్మమ్మ చాలాకాలం దాచుకుంది. ఆ తల్లి పేరు కూడా చెప్పే ఉంటుంది. నేను వినలేదు. ఆడుకోవడానికి పరుగెత్తి ఉంటాను. మా అమ్మ పోయిన తరువాత ఆ పేరు తెలిసినవారు ఎవరూ మిగలలేదు. ఆ చింతచెట్టు ఏ ఊరి పొలిమేరదో ఇక ఏ పరీక్షా చెప్పదు. అరవై వేల ఏళ్ళ క్రిందటి తల్లి ముద్రను 10,400వ అక్షరం దగ్గర వేలు పెట్టి చూపగలుగుతున్నాం. నూరేళ్ళ క్రిందటి తల్లి పేరు చెప్పలేకపోతున్నాం. ఒంట్లోని శాసనం తనను తానే కాపాడుకుంది. నోటితో చెప్పవలసిన దానిని కాపాడవలసినవారం మనమే.

అందుచేత ఈ సభకు నా మనవి ఒక్కటే. పరీక్షలు చేయించుకోవడం మీ ఇష్టం, మీ స్తోమతు. దానికంటె ముందు, ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి, మీ ఇంట్లో ఉన్న పెద్దావిడ ప్రక్కన కూర్చోండి. ఆమె తల్లి పేరు, ఆమె అమ్మమ్మ పేరు, వారి ఊళ్ళ పేర్లు అడిగి వ్రాసుకోండి. మూడు పేర్లు చాలు. పిల్లలూ, ఈ పని మీకే అప్పగిస్తున్నాను. మీకు వచ్చిన లిపిలో వ్రాయండి, తరువాత తెలుగులో దిద్దుకుందాం. వచ్చే ఏటి సంచికలో కార్యదర్శిగారు వాటికి రెండు పేజీలు కేటాయిస్తామని ఇందాకనే మాట ఇచ్చారు. మీ అందరి ఎదుట చెబుతున్నాను గనుక ఇక ఆయన తప్పించుకోలేరు. ఇంటిపేరు లేని ఆ వంశానికి కనీసం మన సంచికలోనైనా చోటు దొరకాలి.

మా పేజీలో ఒక గడి ఖాళీగా ఉంటుంది. దానిని అట్లాగే ఖాళీగా అచ్చువేయమని కోరుకుంటున్నాను. మీ పేజీలో అటువంటి గడి లేకుండా చూసుకోండి.

గంట కొట్టే సమయమైంది.